చూపుకు వేసిన ఎర

కోనసీమలో అందానికి కొదవలేదు, దాన్ని పొగిడేవాళ్లకూ కొదవలేదు. కొబ్బరి నీడలు, కాలవ గట్లు, గోదావరి పాయలు, పండగ ముగ్గులు ఏనాడో సినిమాల్లోకీ క్యాలెండర్లలోకీ ఎక్కేశాయి. అవే దారుల్లో, రావులపాలెం దాటి కొత్తపేట వైపు వెళ్లినా, అమలాపురంలో రాజోలు బస్సెక్కినా, కావాలని వికారంగా చేసిన బొమ్మ ఒకటి ఊరూరా ఎదురవుతుంది. సగం కట్టిన మేడ మీద పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుని, పొట్టనిండా గడ్డి కుక్కుకుని కూర్చుంటుంది. వంగతోటలో నల్లకుండ తలతో చేతులు బారచాపి నిలబడుతుంది. గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ మీద మీసం మెలేసి కళ్లురుముతుంది. దాన్ని ఎవరూ ఫొటో తీయరు. పైగా అది మనకు తిట్టుమాట. ముస్తాబై వచ్చిన మనిషిని పట్టుకుని దిష్టిబొమ్మలా ఉన్నావంటే మళ్లీ మొహం చూడడు.

నాకు మాత్రం ఈ నేల మీద చేతితో చేసే బొమ్మల్లో ఇంత తెలివైనది మరొకటి కనిపించదు. మనిషి చూపు ఎక్కడ మొదలవుతుందో, ఎటు పోతుందో, దేని దగ్గర ఆగుతుందో తెలిసినవాడు తప్ప మంచి దిష్టిబొమ్మ చేయలేడు. దాన్ని బొమ్మల కొలువులో పెట్టరు, ప్రదర్శనకు పంపరు, చేసినవాడి పేరు రాయరు. అయినా పని కుదిరిందా లేదా అన్నది దారిన పోయేవాడి మొదటి చూపులోనే తేలిపోతుంది. ఆ మొదటి చూపు కోసమే దాన్ని చేశారు మరి.

భయాలను బొమ్మల్లోకి దించడం చిత్రకారులకు కొత్త కాదు. సాల్వడార్ డాలీకి చిన్నప్పటి నుంచి మిడతలంటే ప్రాణం పోయేంత భయం. 1929 నాటి ఆయన చిత్రాల్లో నోరులేని పెద్ద ముఖానికి మిడత అతుక్కుని కనిపిస్తుంది. భయపెట్టేదాన్నే ఎదురుగా కూర్చోబెట్టి గీయడం ఒక పద్ధతి. (లూయీ బూర్జువా చేసిన బ్రహ్మాండమైన ఉక్కు సాలెపురుగును కూడా ఈ కోవలో వేసేస్తుంటారు. అది పొరపాటు. 1999 నాటి ఆ శిల్పానికి ఆవిడ పెట్టిన పేరు 'మమాఁ', అంటే అమ్మ. ఓపికగా అల్లుకుంటూ పోయే తన తల్లిని ఆవిడ సాలీడులో చూసుకుంది.) మిడతకు రూపం ఉంది, పాముకుంది, చీకటికీ ఎంతోకొంత ఉంది. చూపుకు ఏముంది? ఎదుటివాడి కంటి నుంచి బయల్దేరి మన పిల్ల మీదో, మన పాదు మీదో, మన ఇంటి మీదో పడి దాన్ని పాడుచేస్తుందని భయపడే ఆ వస్తువును ఎలా గీయాలి? దిష్టిబొమ్మ చేసేవాడికి ఎదురైన చిక్కు ఇదీ. దానికి అతను కనిపెట్టిన జవాబు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. భయపెట్టేదాన్ని అతను గీయడు, దానికి ఎర గీస్తాడు.

మనోవైద్యులు ఈ దిష్టి భయాన్ని జబ్బుల లెక్కలో వేయరు, అది న్యాయమే. 1871లో బెర్లిన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్, వెడల్పాటి వీధులూ ఖాళీ మైదానాలూ దాటలేక వణికిపోయే రోగుల గురించి రాసి ఆ భయానికి గ్రీకు పేరు పెట్టాడు. ఆ తర్వాత ఒక్కో భయానికీ ఒక్కో గ్రీకు పేరు పుడుతూ వచ్చింది. నలుగురూ తననే చూస్తున్నారని కుంగిపోయే భయానికీ ఒక పేరుంది. అలాంటి భయం ఒక మనిషిని పట్టుకుంటే అతని బతుకు ఆగిపోతుంది, బజారుకు పోలేడు, పెళ్లికి పోలేడు. దిష్టి భయం అలా కాదు. అది ఊరంతటిదీ. అందరూ పంచుకుంటారు కనుక ఎవరి బతుకూ ఆగదు. పొద్దున్నే పొలానికి పోతారు, మేడ మీద మేడ వేస్తారు, పిల్లకు పట్టులంగా కడతారు. కాకపోతే పక్కనే ఒక బొమ్మ నిలబెడతారు, ఒక చుక్క పెడతారు. రెండు భయాల్లోనూ తొలిచేది మాత్రం ఒకటే, ఎవరో చూస్తున్నారన్న ఊహ.

ఈ భయం కోనసీమలో ఇంతలా వేళ్లూనడానికి కారణాలు వెతకాలంటే నేలనే చూడాలి. అమెరికా జానపద పండితుడు అలన్ డండెస్ దేశదేశాల దిష్టి నమ్మకాల మీద వ్యాసాలు కూర్చి 1981లో ఒక సంకలనం తెచ్చాడు. అందులో ఆయన వాదన ఒకటుంది. ఎక్కడైనా దిష్టి తగిలేది తడి ఉన్నవాటికే, తగిలితే జరిగేది ఎండిపోవడమే అంటాడు. పాలిచ్చే తల్లి, పాడి పశువు, పసిపిల్ల, కాయకాసే చెట్టు. ఆ వాదన అన్నిచోట్లా నిలబడుతుందని నేననను గానీ, మూడువైపులా గోదావరి పాయలూ నాలుగోవైపు సముద్రమూ ఉన్న మన సీమకు మాత్రం చక్కగా అమరుతుంది. ఇక్కడ ఆస్తి అంటేనే తడి. నీళ్లున్న బొండం, పిందె పట్టిన బీరపాదు, గెల దిగిన అరటి, చేపు నిలిచిన గేదె. కొత్త కారణమూ ఒకటి చేరింది. రాజోలు, మలికిపురం వైపు ఊళ్ల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు. అక్కడ ఏళ్ల తరబడి కూడబెట్టింది ఇక్కడ ఇల్లుగా లేస్తుంది. పెంకుటిళ్ల వరసలో అకస్మాత్తుగా రెండంతస్తుల మేడ లేస్తే ఊరంతా తలెత్తి చూస్తుంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని సామెత ఉండనే ఉంది. ఆ సామెత ఎరిగినవాళ్లు స్లాబు పోసే ముందే బొమ్మను లేపుతారు.

ఇక పనితనం. ముందు పొలంలోది చూద్దాం, ఎందుకంటే పాతదీ గట్టిదీ అదే. రెండు కర్రలు అడ్డంగా కట్టి, దానికి చొక్కా తొడిగి, పైన కుండ బోర్లిస్తారు. వినడానికి ఇంతే. కానీ కుండే ఎందుకు? వంటకు పనికిరాకుండా పోయిన కుండ, మసిబట్టి నల్లగా ఉంటుంది. నల్లగా ఉన్నదాని మీద సున్నం పెడితే అంతకన్న కొట్టొచ్చినట్టు కనిపించే జోడు ఇంకోటి లేదు. పైగా కుండ గుండ్రన. బల్లపరుపు పలక మీద ముఖం గీస్తే ఎదురుగా వచ్చేవాడికే కనిపిస్తుంది. కుండ బుగ్గల మీద కళ్లను ఎడంగా గీస్తే గట్టు మీద పోయేవాడికీ, కాలవ అవతల నడిచేవాడికీ, పక్క చేలో వంగి కలుపు తీసేవాళ్లకీ కనీసం ఒక కన్నయినా కనిపిస్తుంది. అనుభవం లేనివాడు మన ముఖంలో ఉన్నట్టే రెండు కళ్లనూ దగ్గరగా గీస్తాడు. చేయి తిరిగినవాడు వాటిని చెవుల దాకా తోస్తాడు. దగ్గరికెళ్లి చూస్తే అది మనిషి ముఖమే కాదు. దూరం నుంచి చూస్తే మాత్రం మనల్నే చూస్తుంటుంది.

కన్ను గీసే తీరు ఇంకా బాగుంటుంది. మంచి కుండబొమ్మల్లో గుడ్డు గీయరు. సున్నంతో వెడల్పాటి కడియం గీసి మధ్యలో కుండ నలుపును అలా వదిలేస్తారు. ఆ వదిలేసిందే నల్లగుడ్డు. దాని చుట్టూ పైనా కిందా పక్కలా అంతటా తెలుపే. నిజం మనిషి కంట్లో అలా అన్నివైపులా తెల్లగుడ్డు బయటపడేది హడలిపోయినప్పుడో, కోపంతో ఊగిపోయినప్పుడో. 2004లో అమెరికాలో పాల్ వేలెన్ బృందం ఒక ప్రయోగం చేసింది. భయపడిన ముఖాల్లోంచి తెల్లగుడ్లను మాత్రమే తీసుకుని సెకనులో 60వ వంతు సేపు తెర మీద మెరిపించారు. చూసినవాళ్లకు ఏం చూశామో కూడా తెలియలేదు. మెదడులో భయాన్ని పసిగట్టే భాగం మాత్రం ఉలిక్కిపడింది. కోతి జాతులన్నిటిలోకీ మనిషి కంట్లోనే తెలుపు ఇంతగా బయటికి కనిపిస్తుందని కోబయాషి, కోషిమా అనే జపాన్ శాస్త్రవేత్తలు 1997లోనే చూపించారు. మన జాతికి చూపు తెలుపులోనే తెలుస్తుంది. ఆ ప్రయోగాలేవీ ఎరగని రైతు ఇంత సున్నం వేలికి రాసుకుని ఆ మర్మాన్ని కుండ మీద తిప్పేస్తాడు.

కన్ను తర్వాత మీసం. కోనసీమలో చేతికి ముందు అందేది కొబ్బరి పీచు, కాబట్టి మీసమూ జుట్టూ దానివే అవుతాయి. లేదంటే సున్నంతోనే పైకి మెలితిప్పుతారు. మీసానికి ఉన్న పని కళ్లను ఒకచోట కట్టేయడం. ఎడంగా తోసిన రెండు కళ్లు విడిపోయి రెండు మచ్చలుగా మిగిలిపోకుండా, కింద ఒక అడ్డగీత వాటిని ఒకే ముఖంగా కలుపుతుంది. ముక్కును చాలాసార్లు గీయరు, అవసరం లేదు. నోరు గీస్తే నాలుక బయటికి రావాలి, అది ఎర్రగా ఉండాలి. నలుపు, తెలుపు, ఎరుపు, అంతే రంగులు. పచ్చని చేలో పచ్చకు ఎదురు తిరిగే రంగు ఎరుపేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

చొక్కా చేతులు ఎప్పుడూ కర్ర కన్నా పొడుగ్గా ఉంటాయి. చివర ఖాళీగా వేలాడే ఆ గుడ్డ గాలికి ఊగుతుంది. పిట్టలకు భయం అది, కదలిక. మనుషులకు ఉద్దేశించింది కుండ. ఒకే బొమ్మకు రెండు పనులప్పగించి, రెండింటికీ వేరువేరు అవయవాలిచ్చారు. పిట్టను తరమాలి, మనిషి చూపును రప్పించాలి, ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులు. దీన్ని గమనించకుండా దిష్టిబొమ్మ అంటే భయపెట్టే బొమ్మ అనేస్తుంటారు. కన్నుతో నిజంగా భయపెట్టడం వేరు. బోట్స్వానాలో ఒకవాంగో నది చేసిన డెల్టా ఉంది. అక్కడ సింహాలు పశువుల మంద మీద పడుతుంటాయి. పరిశోధకులు నాలుగేళ్లపాటు 14 మందల్లో ఆవుల పిరుదుల మీద పెద్ద పెద్ద కళ్లు గీసి చూశారు. కళ్లు గీసిన 683 ఆవుల్లో ఒక్కటీ పోలేదు. వట్టి అడ్డగీతలు గీసిన 543లో నాలుగు, ఏమీ గీయని 835లో 15 పోయాయి. 2020లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. అక్కడ గీసిన కన్ను, నిన్ను చూసేశానని సింహానికి చెబుతుంది. మన కుండ మీది కన్ను చెప్పేది వేరు, నన్ను చూడు అంటుంది. బీరపిందెలను కాదు, నన్ను. ముందు దాని మీద పడిన చూపు అక్కడే ఖర్చైపోయి, పాదు మీదికొచ్చేసరికి పదును పోతుందని నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, మొదటి చూపు దాని మీద పడటం మాత్రం నిజం.

మేడ మీది బొమ్మ తాపీ మేస్త్రీలది, వాళ్ల దగ్గర పనిచేసే కూలీలది. సామాను అంతా ఆ పనిలో మిగిలిందే. తలకు సిమెంటు సంచి, కట్టడానికి ఇనుప తీగ, ముఖానికి అడుగున మిగిలిన రంగు, ఒంటికి ఎవరిదో మాసిపోయిన బట్ట, లోపల వరిగడ్డి. గడ్డి కుక్కడంలోనే చేయి తెలుస్తుంది. బిగించి కుక్కితే బొమ్మ బస్తాలా బిగుసుకుపోతుంది. వదులుగా కుక్కితే రెండు రోజుల్లో జారి కాళ్లలోకి దిగుతుంది. పొట్టలో గట్టిగా, మోకాళ్ల దగ్గర వదులుగా కూరితేనే మడిచి కూర్చోబెట్టడానికి వీలవుతుంది. మెడ దగ్గర ఒక పురి ఎక్కువ తిప్పితే తల పక్కకు వాలుతుంది. ఆ వాలులోనే వెక్కిరింత వస్తుంది. కొన్నింటి చేతికి చీపురిస్తారు, మెడలో పాత చెప్పులు వేస్తారు. మెడకు తాడేసి వేలాడదీసేవాళ్లూ ఉన్నారు. అది చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది, నాకు నచ్చదు. చంకల కింద తాడు కట్టి పిట్టగోడ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోబెట్టిన బొమ్మలే నా లెక్కలో గొప్పవి. ఇంటి యజమాని ఇంకా దుబాయిలో ఇటుకల ఖర్చు సంపాదిస్తుంటే, ఆయన కన్నా ముందు ఆ ఇంట్లో దర్జాగా కూర్చున్నది అదే.

గుమ్మడికాయ మీద గీయడం వీటన్నిటికన్నా కష్టం. బూడిద గుమ్మడికి ఒంటినిండా తెల్లటి మైనపు పొడి ఉంటుంది. దాని మీద రంగు వేస్తే పొడితో పాటే రాలిపోతుంది. కాబట్టి ముందు కళ్లూ మీసమూ రావాల్సిన చోట్ల మాత్రమే తడిగుడ్డతో తుడవాలి. అంతా తుడిచేస్తే కాయ ఆకుపచ్చగా తేలి ముఖంలో తెలుపు పోతుంది. అంటే కుండ మీద నలుపును వదిలినట్టే ఇక్కడ తెలుపును వదలాలి. తొడిమ తెగకుండా ఉట్టిలో కూర్చోబెట్టాలి. ముఖం నిటారుగా రావాలంటే ముందు ఉట్టిలో వేసి, ఎటు బరువు తూగిందో చూసుకుని, అప్పుడు గీయాలి. ముందే గీసి తర్వాత వేలాడదీస్తే కాయ తనకు నచ్చినవైపు తిరిగి గోడను చూస్తుంది. కొన్నాళ్లకు కాయ కుళ్లితే దిష్టి అంతా అది లాక్కుందని తృప్తిపడి, కొత్తది కడతారు.

అన్నిటికన్నా చిన్న పని చంటిపిల్ల బుగ్గ మీది చుక్క. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన మసిలో కాస్త ఆముదం రంగరిస్తే కాటుక. దాన్ని నుదుటి మధ్యన పెడితే బొట్టు, అది అలంకారం, ముఖానికి ఇంకా అందం తెస్తుంది. దిష్టిచుక్కను బుగ్గ మీద ఒక పక్కకు పెడతారు. అటూ ఇటూ సరిసమానంగా ఉన్న ముఖాన్ని ఆ చుక్క కాస్త చెడగొడుతుంది, చూసే కన్ను అక్కడికి పోయి ఆగుతుంది. పెళ్లిపీటల మీద వధువుకూ వరుడికీ కల్యాణ తిలకంతో పాటు బుగ్గన చుక్క పెట్టేదీ ఇందుకే. అంత ముస్తాబు చేసి, చివర్లో ఆ ముస్తాబుకు ఒక తప్పు జోడించే చేయి మామూలు చేయి కాదు. ఎక్కువైతే మరక, తక్కువైతే పుట్టుమచ్చ.

ఈ భయం చూసేవాళ్లకే కాదు, చేసేవాళ్లకూ ఉంది. దేవుడి విగ్రహానికి కళ్లు తెరవడం చిట్టచివరి పని. ఆగమాలు దానికి బంగారు సూది చెప్పాయి, తెరిచిన కళ్ల ఎదుట ముందు అద్దమూ ఆవూ దూడా ఉంచమన్నాయి. సింహళంలో బుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దే కళాకారుడు విగ్రహం వైపు సూటిగా చూడడు. అద్దంలో చూసుకుంటూ భుజం మీదుగా కుంచె నడుపుతాడు. ఆనంద కుమారస్వామి 1908లో సింహళ కళల మీద తెచ్చిన పుస్తకంలో ఈ తంతును వివరించాడు. పని కాగానే ఆ కళాకారుడి కళ్లకు గంతలు కట్టి బయటికి తీసుకొచ్చి, అతని మొదటి చూపు పడిన వస్తువును కత్తితో నరికిస్తారని 1966లో రిచర్డ్ గోంబ్రిచ్ రాశాడు. అక్కడ మొదటి చూపుకు పదును ఎక్కువన్న ఊహ మన పొలం గట్టు మీది ఊహే. మన కొత్తపేటలో శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేసిన నాయకుల, నటుల విగ్రహాలు ఎన్నో కూడళ్లలో నిలబడ్డాయి. వాటికి ఈ తంతులేవీ లేవు, ముసుగు లాగి చప్పట్లు కొట్టడమే. ఎన్నికలొస్తే మళ్లీ ముసుగేస్తారు, అప్పుడు భయం ఓటరు చూపుకు.

భయాన్ని బొమ్మగా మార్చినవాళ్లలో మన గుమ్మడికాయకు దగ్గరి చుట్టం జపాన్‌లో ఉంది. యాయోయి కుసామా 1929లో మత్సుమోతోలో విత్తనాలూ మొక్కలూ అమ్మే ఇంట్లో పుట్టింది. పదేళ్ల వయసులోనే బల్లమీది గుడ్డ పువ్వులు గోడకూ కప్పుకూ తన ఒంటికీ పాకిపోయి తాను మాయమైపోతున్నట్టు కనిపించేది. దాంతో పాటు ఇంకో భయం, పురుషాంగమంటే జుగుప్స. అమెరికా చేరాక 1962లో ఒక మామూలు కుర్చీకి ఆ ఆకారాలనే దూది కూరి కుట్టి వందల్లో అతికించి తెల్లరంగు వేసింది. మరుసటి ఏడు ఒక పడవ నిండా అవే కుట్టి, ఆ పడవ ఫొటోలు 999 అచ్చువేసి గది గోడలకు అంటించింది. భయపెట్టేది ఒకటి ఉంటే కదా భయం, వేలకొద్దీ చేసి రోజూ మధ్యలో పడుకుంటే ఏముంటుందన్నది ఆవిడ పద్ధతి. కుట్టు మీద కుట్టు, చుక్క మీద చుక్క, అలసట లేకుండా. 1977 నుంచి టోక్యోలో ఒక మనోవైద్యశాలలో తన ఇష్టంతోనే ఉంటూ, దగ్గరలోని స్టూడియోకు వెళ్లి పనిచేసుకుంటూ వచ్చింది.

ఆవిడ గుమ్మడికాయ ప్రపంచమంతటికీ తెలుసు. పచ్చటి కాయ మీద నల్ల చుక్కలు, గాడి దగ్గర చిన్నవి, ఉబ్బు మీదికి వచ్చేకొద్దీ పెద్దవి. నీడ అన్నది వేయకుండా చుక్కల సైజుతోనే గుండ్రదనం తెప్పించింది. 1994లో నవోషిమా దీవిలో రేవు చివర పెట్టిన గుమ్మడి 2021 ఆగస్టు తుఫానుకు సముద్రంలోకి కొట్టుకుపోతే, మరుసటి ఏడు కొత్తది చేసి పెట్టారు. దాన్ని మన గుమ్మానికి కట్టిన కాయ పక్కన ఊహించుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కుసామా చుక్కల్లో చూపు నిలవడానికి చోటులేదు, ఏ చుక్కా ఇంకో చుక్క కన్నా ముఖ్యం కాదు, కన్ను జారుతూ పోతూనే ఉంటుంది. 1959లో న్యూయార్కులో చూపించిన వలల చిత్రాల్లోనూ ఇంతే, కేంద్రం లేదు. ఆవిడ భయం తాను కరిగిపోతానని. కాబట్టి చూసేవాడినీ కొంచెం కరిగిస్తుంది. మన కాయ మీద చూపు పారిపోవడానికి చోటులేదు, రెండు కళ్ల దగ్గర పట్టుకుంటుంది. ఒకరు చూపును చెదరగొట్టారు, ఒకరు పోగుచేశారు. రెండూ చేయి పండితే గానీ రావు. ఒంటరి భయానికి జీవితకాలం పట్టిన పని, ఊరి భయానికి ఒక్క పూటలో అయిపోతుంది.

ఆ ఊరి భయానికి చీకటి కోణమూ ఉంది, దాచి లాభం లేదు. చూపుకు ముఖం లేదు కాబట్టి ఎవరిదో ఒకరి ముఖం తగిలించాలనిపిస్తుంది. భర్త పోయినావిడ ఎదురొస్తే ఆగిపోవడం, పిల్లలు లేనావిడ చేతికి చంటిబిడ్డను ఇవ్వకపోవడం అన్నీ అందులోంచి వచ్చినవే. దిష్టిబొమ్మ మర్యాద అక్కడే ఉందంటాను. అది ఎవరినీ వేలెత్తి చూపదు. దారిన పోయే ప్రతి కన్నూ దానికి ఒకటే, కలెక్టరుదైనా కూలీదైనా. (రాజకీయాల్లో తగలబెట్టేది వేరే సంగతి. అక్కడ గడ్డి మనిషికి ఫలానా నాయకుడి ఫొటో అంటిస్తారు, నాకు అది బొమ్మగా ఎప్పుడూ నచ్చలేదు. మంట కోసం హడావిడిగా చుట్టేస్తారు, కన్ను లేదు, కూర్పు లేదు.)

ఇప్పుడు పూజాసామాను దుకాణాల్లో అచ్చులో పోసిన రాక్షస ముఖాలు దొరుకుతున్నాయి. కొమ్ములు, కోరలు, నిగనిగలాడే రంగు. అందంగా ఉంటాయి, అదే లోపం. కుడీ ఎడమా అద్దంలో పెట్టినట్టు సమానంగా ఉండేసరికి కన్ను ఒకసారి తగిలి జారిపోతుంది, పది ఇళ్లకు అదే ముఖం ఉండేసరికి పదకొండో ఇంటి దగ్గర ఆగదు. కనుదిష్టి గణపతి పటాలు తమిళదేశం నుంచి వచ్చాయి. ఊరి చూపులన్నీ భరించే కూలిపనికి సాక్షాత్తూ దేవుణ్ణి పెట్టడం నాకు మింగుడుపడలేదు. తుర్కీ నుంచి వచ్చిన నీలం గాజు కన్ను మాత్రం వేరు. వలయంలో వలయం, మధ్యలో నలుపు, మన కుండ మీది కన్నుకు తోబుట్టువే. 2018లో అది ఫోను బొమ్మల్లోనూ చేరింది. కొత్తకారు ఫొటో పెట్టి పక్కన దాన్ని పెట్టేవాళ్లు చేసేది కూడా బుగ్గచుక్క పనే, కాకపోతే కాటుక అంటదు.

అయితే చూపంటే ఇంత బెదిరే సీమ, ఏడాదికొకసారి చూపులన్నిటినీ పిలిచి మరీ పొలంలో దించుకుంటుంది. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కలుస్తాయి. వెదురుతో ఎత్తుగా కట్టి, రంగురంగుల గుడ్డలతో కప్పి, పువ్వులతో, గంటలతో నింపిన ప్రభను మోసేవాళ్లు భుజాన వేసుకుని వస్తారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక పాయలో దిగి, ఒడ్డెక్కి, పచ్చని వరిచేల మీదుగా సాగుతాయి. ప్రభ కట్టే చేతులకు తెలిసిన సూత్రం దిష్టిబొమ్మకు పూర్తిగా ఎదురు. ఎంత దూరం నుంచి ఎంతమంది చూస్తే అంత మంచిది, ఏ కోణంలోనూ లోపం ఉండకూడదు, చుక్క పెట్టి చెడగొట్టే చోటు అసలుండకూడదు. ప్రభ వెంట వేలమంది చేను తొక్కుకుంటూ పోతారు. రైతు అడ్డం పడడు, తన చేలోంచి స్వామి నడిచాడని మురిసిపోతాడు. ఆ తొక్కిసలాటలో గట్టు మీది కుండతల బొమ్మ పడి పగిలినా బాధపడడు. పెరట్లోకెళ్లి ఇంకో మసికుండ వెతుక్కుంటాడు.